బ్రోగర్ల పుల్లటి గంట

బాసెల్,
ఫిబ్రవరి 9, 1988

అత్తా,

నువ్వు పంపిన చీజ్ చేరింది. దాని వాసన దానికన్నా ఒక పూట ముందే చేరింది. పోస్టుమాన్ పొట్లాన్ని గుమ్మం ముందు పెట్టి, బెల్లు కూడా కొట్టకుండా పారిపోయాడు. కింది వాటా ఆవిడ మెట్ల మీద ఎదురై, "మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. మా అత్త నిక్షేపంలా ఉంది, ఇది ఆవిడ ప్రేమ అని చెప్పాను.

ఇక అసలు విషయం. ఫోన్ చేద్దామనుకున్నాను కానీ, ఫోన్లో నువ్వు మొదలుపెడితే నా వంతు వచ్చేసరికి "బిల్లు పెరుగుతోంది, ఉంటాను" అంటావు. కాగితం మీదైతే నా మాటకి అడ్డు రాలేవు.

అక్టోబరులో ఇక్కడ పెద్ద కచేరీ ఉంది. అందులో నాకు అరగంట ఇచ్చారు. మన కొండల పాటనీ, నేనిక్కడ చేసే సంగీతాన్నీ (దాన్ని నువ్వేమంటావో నాకు తెలుసు, మళ్ళీ రాయక్కర్లేదు) ఒకే పొయ్యి మీదికి ఎక్కిస్తున్నాను. పొడుగు కొయ్యబూర ఒకటి, కర్రలతో కొట్టి వాయించే తీగలపెట్టె ఒకటి, రెనాటా అనే అమ్మాయి సాక్సఫోన్, ఇల్లు ఊడ్చే కరెంటు యంత్రం. వీటన్నిటి నడుమ మన ఆవుల మెడలో మోగే మూడు గంటలు.

మూడూ కావాలి. ముఖ్యంగా మధ్య గంట. అది లేకపోతే కచేరీ లేనట్టే. దాని గురించి ఇక్కడ కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. ఎవరూ నమ్మడం లేదు. "అలాంటి గంట ఎక్కడైనా ఉంటుందా?" అంటున్నారు. అక్టోబరులో వచ్చి వినండి, అప్పుడు మాట్లాడదాం అన్నాను.

ఇస్తావు కదూ?

నీ ఒక్కగానొక్క మేనల్లుడు
కొలుంబాన్

(ఉతికిన మేజోళ్ళే తొడుక్కుంటున్నాను. అడగకు.)


వైస్‌రూటి,
మార్చి 3

కొలుంబాన్,

ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, ఆవులూ, బ్లెస్సూ. పాత కుక్క పోయాక కొత్తదానికీ బ్లెస్ అనే పేరే పెట్టాను. ఈ లోయలో ఇంకో పేరు పెడితే కుక్కలు పలకవు.

నీ ఉత్తరం మొదట నిలబడి చదివాను, తర్వాత కూర్చోవలసి వచ్చింది. ముఖ్యంగా మధ్య గంట అట! ఒరేయ్, ఊరొదిలిపెట్టి పదేళ్ళయింది, నీకు గుర్తులేనట్టుంది. మన పెద్ద గంట బంగారం, చిన్న గంట వెండి, ఆ మధ్యది మాత్రం పుల్లటి మజ్జిగ. శ్రుతిలో ఉండదు. మా తాత కాలం నుంచీ అంతే. మన మంద రోడ్డెక్కడం ఆలస్యం, ఆ రెమీగి డోరిగ్ గుమ్మంలోకి వచ్చి, "పాలగిన్నెల మీద మూతలు పెట్టండర్రా, బ్రోగర్ల గంటలొస్తున్నాయి, విరిగిపోతాయి!" అని అరుస్తాడు. ప్రతి ఏడూ అదే అరుపు. నలభై ఏళ్ళలో ఆ మనిషికి ఇంకో హాస్యం తట్టలేదు. మీ నాన్న బేడా ఉన్నన్నాళ్ళూ నవ్వేసి ఊరుకునేవాడు. నాకు నవ్వు రాదు, ఆ రోజు రాత్రి అన్నం సహించదు.

ఇప్పుడు నువ్వు బాసెల్ అంతా తిరిగి, మా గంటంత గంట లేదని డప్పు కొట్టి వచ్చావు. వాళ్ళొచ్చి విన్నాక నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావు? సరే, అన్నావు కాబట్టి ఇస్తాను. జూన్‌లో మందతో పాటు గంటలు వేసవి మేతకి కొండెక్కాలి, సెప్టెంబరులో దిగాలి. దిగాక నీవి. నీ పరువు సంగతి నాకొదిలెయ్.

ఇల్లు ఊడ్చే యంత్రాన్ని ఏమని వాయిస్తార్రా? మా పాలు పితికే యంత్రం నయం, దానికి తాళమైనా ఉంది. టక్కు-టుస్సు, టక్కు-టుస్సు అని గంటసేపైనా తప్పకుండా కొడుతుంది. పోయినసారి మీ కచేరీకి వచ్చినప్పుడు ఒకాయన కుర్చీ ఈడ్చుకుంటూ అటూ ఇటూ తిరిగాడు చూడు, ఎక్కడ వెయ్యాలో తెలియక తిప్పలు పడుతున్నాడని నేను లేచి చోటిచ్చాను. దానికి జనం నాకు చప్పట్లు కొట్టారు. వాళ్ళకి ఏం వినబడుతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

ముద్దులు, మొట్టికాయలు
మీ అత్త ఒత్తీలియా


బాసెల్,
ఏప్రిల్ 17

అత్తా, అత్తా, అత్తా,

ఇస్తానన్నావు! ఆ ఉత్తరం పట్టుకుని ట్రామ్ ఎక్కి, దిగవలసిన చోటు దాటి మూడు స్టాపులు పోయాను. నా పరువు నీ చేతుల్లోనే ఉంది, జాగ్రత్తగా మొయ్యి.

రిహార్సళ్ళు మొదలయ్యాయి. గంట ఇంకా రాలేదు కాబట్టి దాని స్వరం నేనే నోటితో పాడి చూపిస్తున్నాను. నిన్న రెనాటాకి సహనం పోయింది. "ఇదేం స్వరం, కొలుంబాన్? అటు కాదు, ఇటు కాదు. రెండు స్వరాల మధ్య తలుపు సందులో వేలు ఇరుక్కున్నట్టుంది," అని సాక్సఫోన్ సోఫా మీద పడేసింది. గంట రానీ, అన్నీ సర్దుకుంటాయి అని బతిమాలాను.

పాల యంత్రం సంగతి నిజమా? రాత్రంతా దాని గురించే ఆలోచించాను. నవ్వకు. అది కూడా పంపుతావా?

సాయంత్రం పాలు పితికాక ఇంకా గడప మీద నిలబడి మన పాట పాడుతున్నావా? మాటల్లేని పాట కదా, ఎలా రాయాలో తెలియక ఇక్కడ ఎవరికీ చూపించలేకపోతున్నాను. ట్రామ్ కోసం నిలబడ్డప్పుడు తలలో అదే తిరుగుతుంటుంది. నాన్న కావడికి రెండు గంటలు తగిలించి ఊపుతుంటే ఆ మోత మీద నువ్వు పాడేదానివి. నేను చీజ్ తొట్టి వెనక నక్కి వినేవాణ్ణి.

నీ
కొలుంబాన్


వైస్‌రూటి,
మే 12

నా బంగారు కొలుంబాన్,

ఇది చదివే ముందు ఏదైనా పట్టుకుని నిలబడు.

మధ్య గంటని బంగాళదుంపల గోనెలో పెట్టి, ఎవరి కంటా పడకుండా కమ్మరి వెండెలిన్ దగ్గరికి తీసుకెళ్ళాను. దారిలో రెమీగి ఎదురై, "ఏంటి ఒత్తీలియా, నీ దుంపలు మోగుతున్నాయి?" అన్నాడు. "ముదురు దుంపలు," అన్నాను.

వెండెలిన్ గంటని చెవి దగ్గర పెట్టుకుని కొట్టి చూశాడు. పళ్ళు పులిసినట్టు మొహం పెట్టాడు. "రేకు అంచు ఒక పక్క మందంగా ఉంది. పలచగా సాగగొడితే దారికొస్తుంది. ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?" అన్నాడు. ఏం చేశాం, మాట పడ్డాం. రెండు రోజులు సుత్తితో సన్నసన్నగా కొట్టి ఇచ్చాడు.

ఒరేయ్, ఇప్పుడు వినాలి! చర్చిలో పెట్టుకోవచ్చు. పెద్దదీ, మధ్యదీ, చిన్నదీ కలిసి మోగుతుంటే కొట్టంలో నిలబడి ఏడ్చేశాను. ఆవులు నన్నే చూస్తున్నాయి, చూడనీ.

ఇప్పుడు నువ్వు బాసెల్లో ధీమాగా తలెత్తుకో. జూన్‌లో మన మంద కొండెక్కేటప్పుడు ఆ రెమీగి గుమ్మంలో నోరు తెరిచి ఏమీ అనలేక మళ్ళీ మూసుకుంటాడు. నేనది కళ్ళారా చూస్తాను. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

నీ పరువు కాపాడిన
అత్త


బాసెల్,
మే 20

ప్రియమైన అత్తకి,

నీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. నువ్వు ఇంత శ్రమ తీసుకున్నందుకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఇక్కడ వాతావరణం బాగుంది.

ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను: వెండెలిన్ ఎంత గట్టిగా కొట్టాడు? ఏ పక్క కొట్టాడు? అలా సాగగొట్టిన రేకు మళ్ళీ వెనక్కి వస్తుందా? ఊరికే అడుగుతున్నాను.

రెనాటా కూడా చాలా సంతోషించింది. ఎంత సంతోషించిందంటే ఇంటికి వెళ్ళిపోయింది.

ఇట్లు
కొలుంబాన్


కొండమేత,
జూన్ 14

కొలుంబాన్,

ఈ ఉత్తరం చదివి చింపెయ్. కచేరీలో చింపినా ఫరవాలేదు, ఆ చప్పుడుకీ మీవాళ్ళు మెచ్చుకుంటారు.

శనివారం కొండెక్కాం. ముందు ఫ్లోరీ మెడలో పెద్ద గంట, దాని వెనక మధ్యదీ, చిన్నదీ, వాటి వెనక మంద. ఎండ చక్కగా కాసింది. ఊళ్ళో జనం బారులు తీరారు. మన గంటలు తేనె కారినట్టు మోగుతుంటే రెమీగి గుమ్మంలో నోరు తెరిచాడు, మూసుకున్నాడు. ఆ ఒక్క క్షణం నేను ఈ భూమి మీద లేను.

ఆ క్షణం అంతటితో సరి. చిన్న గుడి దగ్గర దారి చీలుతుంది కదా, ఎడమకి మనది, కుడికి రెమీగిది. మూడు గంటల ఆవులూ ఎడమకి తిరిగాయి. వెనకవి తిరగలేదు. అన్నీ ఆగిపోయి, చెవులు రిక్కించి నిలబడ్డాయి. ఎంత అదిలించినా కదలవు. ఈలోగా రెమీగి మంద వచ్చింది, వాడి గంటలు మోగించుకుంటూ. మన గంటలూ, వాడి గంటలూ ఇప్పుడు అచ్చు ఒకేలా మోగుతున్నాయి రా! నా ఆవులకి తమ వాళ్ళెవరో తెలియలేదు. మర్యాదగా రెమీగి మంద వెనక వరస కట్టి, వాడి కొండెక్కిపోయాయి. సాయంత్రం దాకా ఒక్కొక్కదాన్నీ తోలుకొచ్చుకున్నాను. వాడి పెళ్ళాం నాకు కాఫీ ఇచ్చింది. జాలిపడి.

అది కూడా ఓర్చుకునేదాన్ని. అసలు దెబ్బ అంతకుముందు గుడి దగ్గరే పడింది. ఎప్పటిలాగే పెద్ద గంటా, మధ్య గంటా విప్పి కావడికి తగిలించి, వేసవికి పెట్టుకున్న పనివాడి చేత ఊపించి, మన పాట ఎత్తుకున్నాను. పాట స్వరాల్లో నాలుగో మెట్టు ఎక్కేసరికి గొంతు గంటతో కలవలేదు. మళ్ళీ ఎత్తుకున్నాను. మళ్ళీ అదే చోట, నా గొంతు పక్కకి జారిపోయింది. అక్కడిదాకా వెంట వచ్చిన ఊరందరి ముందు. గంట కచ్చితంగా ఉంది, నేనే శ్రుతి తప్పాను. రెమీగి నవ్వలేదు. తల దించుకున్నాడు. వాడు నవ్వి ఉంటే బాగుండేది.

ఇన్నేళ్ళూ పుల్లటి గంట మాటున నా పుల్లటి గొంతు దాక్కుందన్నమాట. అరవై దాటింది, తెలుసుకోవలసిన వయసే. ఇక పాడను. సాయంత్రాలు గడప మీద కూర్చుని మేజోళ్ళు అల్లుతున్నాను. నీకు చాలా మేజోళ్ళు వస్తాయి.

అత్త


బాసెల్,
జూన్ 21

అత్తా,

అల్లికసూదులు కింద పెట్టు. మొదట నన్ను తిట్టడానికి సిద్ధంగా ఉండు, తర్వాత నేను చెప్పేది విను.

నీ గొంతు పక్కకి జారలేదు. అది ఉండవలసిన చోటే ఉంది. గంటే జరిగిపోయింది.

మన పాట ఎవరు కట్టారో తెలియదు కానీ, ఆ గంట పక్కన నిలబడి కట్టారని ఒట్టేసి చెప్తాను. అందుకే నాలుగో మెట్టు దగ్గర పాట ఒక అడుగు వేసి, ఇంకో అర అడుగు కోసం కాలెత్తి ఆగుతుంది. ఆ పులుపు గంటలోదే. ముత్తాత దానితో పాడాడు, నాన్న దానితో పాడాడు, నువ్వు ఉగ్గుపాలతో పాటు అదే విన్నావు. వెండెలిన్ గంటని చర్చి గంట చేసేశాడు. నువ్వు మాత్రం బ్రోగర్ల పాటే పాడుతున్నావు.

ఇంకా ఉంది. నేను గంట మర్చిపోలేదత్తా. ఆ పులుపు కోసమే దాన్ని అడిగాను. ఇక్కడ ఇంత పెద్ద ఊళ్ళో ఇంతమంది వాయిద్యగాళ్ళు, కొత్త స్వరం కోసం పియానోలో మేకులు దిగ్గొట్టి వెతుకుతున్నారు. అది మన కొట్టంలో ఫ్లోరీ వెనక ఆవు మెడలో ఉందని చెబితే ఎవరూ నమ్మలేదు. నా అరగంట మొత్తం ఆ ఒక్క స్వరం మీద కట్టాను. నీ మే నెల ఉత్తరం అందిన రోజు నేను మంచం మీద పడి కప్పు వైపు చూస్తూ ఉండిపోయాను. నీ సంతోషం చూసి నోరు రాలేదు. "వాతావరణం బాగుంది" అని రాశాను. ఆ రోజు కుండపోత.

ముందే విడమర్చి చెప్పకపోవడం నా తప్పే. నువ్వు పాట మానేస్తే మాత్రం కచేరీ కూడా వద్దు, ఏమీ వద్దు.

కొలుంబాన్


కొండమేత,
జూలై 10

కొలుంబాన్ అనే గాడిదకి,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పడెయ్యబోయాను. నన్ను ఓదార్చడానికి కథలల్లుతున్నావనుకున్నాను. పిల్లవాడు చిన్నప్పుడూ అంతే, పాలు ఒలకబోసి పిల్లి మీద పెట్టేవాడు అనుకున్నాను.

తర్వాత మంగళవారం పొగమంచు పట్టింది. చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు. పాలవేళ అయినా మంద రాలేదు. పనివాడు గొంతు చించుకుని అరిచాడు, బ్లెస్ తిరిగి తిరిగి అలిసిపోయి వచ్చింది. ఆ పక్కన లోయ ఉంది. ఏం చెయ్యాలో తోచక, పాలు వడకట్టే గరాటు నోటికి పెట్టుకుని మన పాట ఎత్తుకున్నాను. శ్రుతి ఉంటే ఉంది, లేకపోతే లేదని. నాలుగో మెట్టు మీద గట్టిగా నిలబడ్డాను. కాసేపటికి మంచులోంచి ఫ్లోరీ మొహం వచ్చింది. దాని వెనక ఒక్కొక్కటే, అన్నీ వచ్చాయి.

అప్పుడు నమ్మాను నీ మాట. అప్పుడే నీ మీద కోపం కూడా వచ్చింది. ఆ పులుపు కావాలని ఫిబ్రవరిలో ఒక్క ముక్క రాసి ఉంటే నీ సొమ్మేం పోయేది? "అలాంటి గంట ఎక్కడైనా ఉంటుందా" అట! మనిషిలా రాయడం మానేసి మీ కచేరీ పత్రికలా రాశావు.

ఆదివారం కిందికి దిగి వెండెలిన్ దగ్గరికి వెళ్ళాను. "దీన్ని మళ్ళీ పాడుచెయ్యి," అన్నాను. కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "బాగుచెయ్యమంటే చేస్తానమ్మా. పాడుచెయ్యమంటే ఎంత పాడుచెయ్యాలో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. నేను పాడుతూ నిలబడ్డాను, అతను కొడుతూ కూర్చున్నాడు. ఒకసారి పెనంలా మోగింది, ఒకసారి బకెట్‌లా మోగింది. ఆ పులుపు మాత్రం రాలేదు. చివరికి విసిగి మళ్ళీ తియ్యగానే కొట్టి ఇచ్చేశాడు. "ఫాదర్‌గారికి చెప్పకండి, నా దుకాణంలో ఇలాంటి పని జరిగిందని," అన్నాడు.

గంట పోయింది రా. నేనే చేతులారా గోనెలో పెట్టి మోసుకెళ్ళి చంపుకొచ్చాను. నీ కచేరీ ఏమవుతుంది?

అత్త


బాసెల్,
ఆగస్టు 2

అత్తా,

గంట చావలేదు. చోటు మారింది, అంతే.

నీ మంచు సంగతి చదివినప్పటి నుంచీ ఇంట్లో కాలు నిలవడం లేదు. ఆ స్వరం వెండెలిన్ సుత్తికి దొరకలేదంటే అర్థం ఏమిటి? ఇప్పుడది ఒక్క చోటే ఉంది, నీ గొంతులో. పాత కాగితాలన్నీ పక్కన పడేసి మళ్ళీ మొదటి నుంచి రాస్తున్నాను. గంటలు తియ్యగానే మోగనీ. చర్చిలా మోగనీ. వాటి మీద నువ్వు నిలబడి మన పాట మన శ్రుతిలో పాడితే, ఆ రెండూ ఒరుసుకున్నప్పుడు వచ్చే మోత నేను మొదట కలగన్నదాని కన్నా ఎక్కువ. రెనాటాకి చెప్పాను. ఆమె వెనక్కి వచ్చేసింది.

బాసెల్ రా. వేదిక ఎక్కు. పాల యంత్రాన్ని కూడా తీసుకురా, దానికి అర నిమిషం సోలో ఇచ్చాను.

కాదనకు. కాదంటే నేనే పాడాల్సి వస్తుంది. నా గొంతు నీకు తెలుసు.

కొలుంబాన్


వైస్‌రూటి,
సెప్టెంబరు 25

కొలుంబాన్,

మొదట నిన్ను తిట్టి మూడు ఉత్తరాలు రాశాను. ముసలిదాన్ని పట్నంలో నిలబెట్టి నవ్వించాలనుకుంటున్నావని. అవి పంపలేదు. ఎందుకో చెప్తాను.

నిన్న మంద దిగింది. జూన్ భాగోతం మళ్ళీ జరగకూడదు కదా. గంటల్ని నమ్మే పని లేదు. అందుకని మీ నాన్న పసుపుపచ్చ తోలు లాగు పెట్టెలోంచి తీసి తొడుక్కున్నాను. నడుము దగ్గర కాస్త వదులు, మిగతా చోట్ల కాస్త బిగువు. మంద ముందు మగవాళ్ళు నడిచే చోట నేను నడిచాను, కొండ మీద నుంచి కిందిదాకా పాడుకుంటూ. ఒక్క ఆవు కూడా పక్క చూపు చూడలేదు. చర్చి దగ్గర ఫాదర్‌గారు నా లాగు చూసి, వెంటనే ఆకాశంలో పిట్టల్ని చూడడం మొదలుపెట్టారు.

రెమీగి ఇంటి ముందుకి రాగానే గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు. వెనక ఆ తియ్యటి గంటలు, ముందు నేను. నోరు తెరిచాడు. పాలగిన్నెల మాట వస్తుందని ఎదురు చూశాను. రాలేదు. నా వైపు అలాగే చూస్తూ, "బేడా వస్తున్నాడనుకున్నాను," అన్నాడు. అంతే అన్నాడు.

నేను పాట ఆపి, లాగు జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాను. ఆవులు నిలబడి ఓపిగ్గా చూశాయి.

కాబట్టి వస్తాను. నా షరతులు విను. లాగు వేసుకునే వస్తాను, పండగ గౌను వెయ్యమనకు. పాల యంత్రాన్ని నేను తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. కుర్చీ ఈడ్చే మనిషి ఉంటే ముందే చెప్పు, ఈసారి లేవను. నీ గది నేను వచ్చేలోగా ఊడ్చి ఉండాలి. నీ దగ్గర యంత్రం ఎలాగూ ఉంది.

అత్త ఒత్తీలియా


బాసెల్,
అక్టోబరు 28

అత్తా,

నువ్వు రైలెక్కి వెళ్ళి వారమైనా గది నిండా చీజ్ వాసనే. కిటికీ తెరవబుద్ధి కావడం లేదు.

పేపరు కోసి పంపుతున్నాను, చూసి కడుపుబ్బ నవ్వుకో. నువ్వు నాలుగో మెట్టు మీద నిలబడ్డప్పుడు హాల్లో దగ్గు కూడా ఆగిపోయింది కదా, దాని గురించి ఆ పెద్దమనిషి ఇలా రాశాడు: "గాయని చేత స్వరకర్త సాధన చేయించిన ఆ సాహసోపేతమైన స్వరం ఈ శతాబ్దం చివరి ఆవిష్కరణ." చేయించానట! నేను! ఆవిష్కరణ అట!

పాల యంత్రాన్ని ఏ దేశంలో తయారుచేయించావని ముగ్గురు అడిగారు. రహస్యం అన్నాను.

కచేరీ అయ్యాక నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏమీ మాట్లాడలేదు. బాగుందా, బాగాలేదా? నువ్వు ఏమీ అనకపోవడం ఇదే మొదటిసారి. భయంగా ఉంది.

నీ
కొలుంబాన్


వైస్‌రూటి,
నవంబరు 13

కొలుంబాన్,

పేపరు ముక్క చదివి వినిపిస్తే ఫ్లోరీ నెమరు ఆపలేదు. ఈ శతాబ్దం ఆవిష్కరణట. మా తాత వింటే పైపు నోట్లోంచి జారిపడేది.

బాగుందా అని అడిగావు. నీ సంగీతం నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ సాక్సఫోన్ పిల్ల మంచిది కానీ, ఆమె వాయిస్తుంటే ఎవరో దూడని తలుపులో నొక్కినట్టుంది. కానీ గంటలూ, నేనూ ఒరుసుకున్నాం చూడు, ఆ మోతలో మీ నాన్న ఉన్నాడు రా. నేను ఆయన పక్కనే నిలబడి పాడినట్టు ఉంది. అందుకే ఏమీ అనలేకపోయాను. నోరు తెరిస్తే ఏడుపొచ్చేది, అంతమంది ముందు లాగు వేసుకుని ఏడిస్తే ఏం బాగుంటుంది?

సాయంత్రాలు మళ్ళీ గడప మీద పాడుతున్నాను. మధ్య గంటని తలుపు పక్కన వేలాడదీశాను. ముందు దాన్ని ఒకటి కొట్టి, ఆ తియ్యదనం పైన మన పులుపు వేస్తాను. మీ చేతుల్లో పడి నాకూ ఈ జబ్బు పట్టింది.

మీ కచేరీ రేడియోలో వచ్చాక ఊళ్ళో గాలి మారింది. రెమీగి వెండెలిన్ దగ్గరికి వెళ్ళి తన మధ్య గంటని పుల్లగా చెయ్యమన్నాడట. వెండెలిన్ దణ్ణం పెట్టి పంపేశాడు. నిన్న రెమీగి నా దగ్గరికి వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని, బ్లెస్ కాళ్ళు వాసన చూస్తుంటే కదలకుండా నిలబడి.

"ఒత్తీలియా, మాకూ అలాంటి గంట కావాలి. ఏం చెయ్యాలో నువ్వే చెప్పాలి," అన్నాడు.

"నలభై ఏళ్ళు ఊరు నవ్వాలి, రెమీగి," అన్నాను. "కావాలంటే రేపటి నుంచి మా గుమ్మంలో నిలబడి నేను మొదలుపెడతాను."

కాసేపు ఆలోచించాడు రా. నిజంగా ఆలోచించాడు. తర్వాత, "జూన్‌లో మొదలుపెట్టు," అని వెళ్ళిపోయాడు.

అక్కడే ఉండిపోయిన పాల యంత్రం వెంటనే పంపు. చేత్తో పితుకుతుంటే ఆవులకి తాళం అందడం లేదు.

మీ అత్త
ఒత్తీలియా